గాలం సరే... పడవ మాటేమిటి?

ఆదివారం పొద్దున్నే గాలం పట్టుకుని నీటి ఒడ్డుకు చేరడం బెజవాడ వాళ్లకు కొత్త సరదా ఏమీ కాదు. అదే సరదా గట్టు దిగి పడవెక్కితే మాత్రం కాస్త బాధ్యత కూడా తోడవుతుంది. వారానికి ఓ అరగంట పడవకీ, పావుగంట గాలానికీ కేటాయిస్తే చాలు. చేప పడినా పడకపోయినా మనం మాత్రం క్షేమంగా ఇంటికొస్తాం!

తెల్లవారుజామున అయిదున్నర. బందరు కాలువ గట్టు మీద అప్పటికే నలుగురైదుగురు చేరిపోయారు. ఒకరి చేతిలో వెదురు కర్ర, ఇంకొకరి చేతిలో తళతళలాడే కొత్త రీలు. డబ్బా నిండా వానపాములు. నీళ్ల మీద బెండు కదిలితే చాలు, అందరి చూపూ అటే.

‘‘ఏం బాబాయ్, ఏమన్నా తగిలిందా?’’

‘‘తగిలిందిరా అబ్బాయ్... ఎర తినేసి చక్కా పోయింది!’’

గట్టు మీద కూర్చున్నంతవరకూ పోయేది ఎర ఒక్కటే. కానీ గాలం రుచి మరిగినవాళ్లు అక్కడితో ఆగరు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి చిన్న ఫైబర్ పడవ కొనుక్కుంటారు. లేదంటే తెలిసిన మత్స్యకారుడి పడవ బతిమాలుకుంటారు. ఇక ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిండుగా నిలిచిన నీళ్లు, దిగువన నాగాయలంక, హంసలదీవి వైపు సాగే పాయలు... ఎటు వెళ్లినా పండగే. అయితే గాలానికి వేలకు వేలు పోసేవాళ్లు పడవకు కట్టే తాడు దగ్గర పిసినారితనం చూపిస్తారు. చిక్కంతా అక్కడే!

ఆ రెండు ఆదివారాలు

కృష్ణమ్మ మనకు రెండు ఆదివారాలను గుర్తుంచుకోమంటుంది. మొదటిది 2017 నవంబరు 12. కార్తీక మాసం. పవిత్ర సంగమం చూడటానికి వెళ్తున్న విహార పడవ ఇబ్రహీంపట్నం దగ్గర తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టేవాళ్లకన్నా ఎక్కువమందిని ఎక్కించడం, లైఫ్ జాకెట్లు లేకపోవడం... ఆ దుర్ఘటన తర్వాత అందరి నోటా వినిపించిన కారణాలివే.

రెండోది 2024 సెప్టెంబరు 1. ఓవైపు బుడమేరు నగరాన్ని ముంచెత్తింది, మరోవైపు కృష్ణలో భారీ వరద పోటెత్తింది. ఆ వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్దుకున్నాయి. గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అడ్డంపడిన పడవలను బయటికి తీయడానికి రోజుల తరబడి తంటాలు పడాల్సివచ్చింది. కట్టు తప్పిన పడవ ఎంత పని చేస్తుందో రాష్ట్రమంతా కళ్లారా చూసింది. మనది చిన్న పడవే కావచ్చు. సూత్రం మాత్రం ఒకటే.

చెక్కదా... ఫైబర్‌దా?

చెక్క పడవైతే పలకల మధ్య సందులే దాని ప్రాణం. ఎండలో చాలాకాలం ఉంచితే పలకలు ముడుచుకుపోయి సందులు విచ్చుకుంటాయి. అలాంటి పడవను ఒక్కసారిగా లోతులోకి తోసేస్తే నీళ్లు బుడబుడమంటూ లోపలికొస్తాయి. అందుకే ముందుగా ఒడ్డునే మోకాలి లోతు నీళ్లలో ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. చెక్క ఉబ్బి చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటికీ కారుతుంటే గట్టుకు లాగి, పాత నార తీసేసి, కొత్త నార కూరి, పైన తారు పూయాలి. సన్నటి చువ్వతో పలకను పొడిచి చూడండి. మెత్తగా దిగబడిందంటే అక్కడ చెక్క పుచ్చినట్టే. పైన రంగు వేసి మురిసిపోతే లాభంలేదు, ఆ ముక్క మార్చాల్సిందే.

ఫైబర్ పడవకు ఆ బాధ లేదనుకుంటాం. నిజమే, అది పుచ్చదు. కానీ ఇసుకమేటల మీదికి ఈడ్చినప్పుడల్లా అడుగున పైపూత అరిగిపోతుంది. వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి. వాటిలోంచి నీళ్లు లోపలి పొరల్లోకి చేరితే పడవ బరువెక్కుతుంది. నెలకోసారి బోర్లించి, శుభ్రంగా కడిగి, అడుగంతా వేలితో తడిమి చూడాలి. పగులు కనిపిస్తే చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, ఫైబర్ మ్యాట్ పరిచి రెసిన్ పట్టించాలి. తడి మీద వేసిన అతుకు నిలవదు. ఈ పని ఆరుబయటే చేయాలి, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇక పడవలో చేరే నీళ్లు. ‘ఓ బకెట్టేగా’ అని వదిలేయకండి. బకెట్ నీళ్లంటే పదిహేను కిలోల దాకా బరువు. పైగా అది ఒకచోట ఉండదు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి ఇంకాస్త ఒరిగేలా చేస్తుంది. తోడిపోయడానికి ఓ డబ్బా, తాడుతో కట్టి, ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

మోటారుకూ నీళ్లు కావాలి

ఆటోనగర్ ఉన్న ఊళ్లో మెకానిక్‌లకు కొదవేముంది? అయితే ఔట్‌బోర్డ్ మోటారుకూ మోటార్ సైకిలుకూ ఓ పెద్ద తేడా ఉంది. బండి ఇంజిన్‌ను గాలి చల్లబరుస్తుంది. సాధారణంగా ఔట్‌బోర్డ్ మోటారు నది నీటినే పీల్చుకుని చల్లబడుతుంది. అలాంటి మోటారు నడుస్తున్నప్పుడు పక్కనుంచి సన్నటి ధార చిమ్ముతుంది కదా... దానిమీద ఓ కన్నేసి ఉంచండి. ధార ఆగిందంటే వెంటనే మోటారు ఆపేయాలి. నీళ్లు పీల్చే రంధ్రానికి ప్లాస్టిక్ సంచో, గుర్రపుడెక్కో అడ్డుపడి ఉంటుంది. లేదంటే లోపలి రబ్బరు ఇంపెల్లర్ అరిగి ఉంటుంది. ఖరీదు తక్కువే. అది పాడైందని గమనించకపోతేనే ఇంజిన్ ఖర్చు నెత్తినపడుతుంది.

నాగాయలంక దిగువకు వెళ్తే పోటు సమయంలో ఉప్పునీళ్లు ఎదురొస్తాయి. ఇంటికి రాగానే మోటారులోకి పది నిమిషాలు మంచినీళ్లు పంపి కడగాలి. ఉప్పు తినేయకుండా మోటారు కాలికి జింకు ముక్క బిగించి ఉంటుంది. మిగతా లోహానికి బదులు అది తరుగుతుందన్నమాట. సగం తరిగేసరికి మార్చేయాలి. గేరు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే. టూస్ట్రోక్ మోటార్లలో చాలావాటికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతారు. మీ మోటారు పుస్తకంలో ఏముందో చూసి ఆ లెక్కే పాటించండి. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు వాడొద్దు. అన్నట్టు, మోటారున్న పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం చెబుతోంది.

తాడు దగ్గర పిసినారితనం వద్దు

పడవను ఒకే తాడుతో ఒకే మేకుకు కట్టి ఇంటికెళ్లి నిద్రపోయేవాళ్లు ఎందరో. ముందొకటి, వెనకొకటి... రెండు తాళ్లుండాలి. నీటి అంచున పాతిన గుంజకు కాదు, వరద మట్టానికి పైనున్న గట్టి చెట్టుకో, కాంక్రీటు దిమ్మెకో కట్టాలి. నీరు పెరిగితే పడవ పైకి లేవడానికి వీలుగా తాడుకు కొంత వదులు ఉండాలి. బిగించి కట్టిన పడవ నీరు పెరిగాక లేవలేక ఓ పక్కకు ఒరిగి మునిగిపోతుంది. తాడు రాతికి రాసుకునేచోట పాత సైకిల్ ట్యూబు చుట్టండి. నైలాన్ తాడు ఎండకు పెళుసెక్కి పొడి రాలుతుంటే అది బట్టలు ఆరేసుకోవడానికే పనికొస్తుంది!

అన్నిటికన్నా మేలైన పని ఇంకోటుంది. పులిచింతల నుంచి నీళ్లు వదిలారన్న కబురు వినగానే చిన్న పడవను గట్టెక్కించి, బోర్లించి, చెట్టుకు కట్టేయడం. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక దాకా ఆగితే అప్పుడు నలుగురు పట్టినా లాగలేరు.

లంగరు సంగతీ అంతే. మూడు మీటర్ల లోతుకు మూడు మీటర్ల తాడు చాలదు. పదిహేను నుంచి ఇరవై మీటర్లు వదిలితేనే లంగరు అడుగున పట్టుకుంటుంది. ప్రవాహంలో లంగరును ఎప్పుడూ పడవ ముందు కొసకే కట్టాలి. వెనక్కి కడితే ఆ భాగం కిందికి లాగేసి నీళ్లు నేరుగా లోపలికి దూకుతాయి.

గాలానికీ స్నానం చేయించండి

ఇంటికొచ్చాక ముందు రీలుకు స్నానం! సన్నటి ధారతో మంచినీళ్లు పోసి, నీడలో ఆరబెట్టి, పిడి దగ్గర ఓ చుక్క నూనె వేయాలి. బిగింపు వదులు చేసి ఉంచితే లోపలి వాషర్లు చదునెక్కవు. తంగూసు ఎండకు బలం కోల్పోతుంది. మొదటి రెండు మూడు మీటర్లు గోళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే అంతమేరా కోసేయాలి. గాలం మొన గోటిమీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. జారిందంటే సానపెట్టాలి, తుప్పుపడితే పారేయాలి. అలాగని గట్టుమీదే పడేయొద్దు. రేపు ఎవరి బిడ్డ కాలో అక్కడ పడుతుంది.

ఏ చేపకు ఏ సరంజామా? బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది, శీలావతి నడుమ ఉంటుంది, ఎర్రమోసు అడుగున మేస్తుంది. బెండు ఎత్తు దాన్నిబట్టే మార్చుకోవాలి. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద ఈ మూడింటికీ ఇష్టమే. కొర్రమీను నాచుల్లో, తూటికాడల్లో పొంచి ఉంటుంది. దానికి రబ్బరు కప్ప మంచి ఎర. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన తారాడుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని గుర్తు. వాటి జోలికి పోకపోవడమే అసలైన గాలగాడి లక్షణం. పాయల్లో పండుగప్ప కోసం వెళ్తే మాత్రం గాలానికి ముందు మందపాటి తంగూసు ముక్క కట్టండి. దాని మొప్ప అంచు బ్లేడులా కోసేస్తుంది. మడ అడవుల్లో కృష్ణా అభయారణ్యం పరిధిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

ఏడాదికోసారి పూర్తి మరమ్మతు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో గిలకలదిండి లాంటి హార్బర్లలో మత్స్యకారులు చేసే ముఖ్యమైన పని పడవలూ వలలూ బాగుచేసుకోవడం. తరాలుగా నీటిమీద బతికేవాళ్లే రెండు నెలలు ఇలా వెచ్చిస్తుంటే ఆదివారం సరదాగాళ్లం రెండు రోజులన్నా కేటాయించొద్దూ! వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే ఆ పని పెట్టుకుంటే జూన్‌లో కొత్త నీటికి పడవ సిద్ధం.

బయల్దేరేముందు...

* పడవలో ఎందరుంటే అన్ని లైఫ్ జాకెట్లు. మడిచి కిందేసి కూర్చోవడానికి కాదు, తొడుక్కోవడానికి. ఏడాదికోసారి నడుము లోతు నీళ్లలో వేసుకుని చూడండి. గడ్డం నీటిపైన తేలాలి.
* ఒకటి బదులు రెండు తెడ్లు. మోటారు మొరాయిస్తే అవే దిక్కు.
* చేప తగలగానే అందరూ ఒకేవైపు లేవొద్దు. పట్టినవారు కూర్చునే లాగాలి. మిగతావారు కదలకూడదు.
* ఉరుము వినిపిస్తే ఒడ్డుకు రండి. కార్బన్ ఫైబర్ కర్ర కరెంటును లాగుతుంది. పిడుగుకైనా, గట్టు పక్క కరెంటు తీగకైనా దూరంగా ఉంచండి.
* బ్యారేజీ గేట్ల దరిదాపులకు పడవ తీసుకెళ్లొద్దు.
* ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. సెల్‌ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.

2024 వరదల్లో సింగ్‌నగర్ వీధుల్లోంచి జనాన్ని గట్టెక్కించింది పడవలే. బాగున్న పడవ మన సరదాకే కాదు, అవసరమొస్తే పదిమందికీ అక్కరకొస్తుంది. కాబట్టి ఈ ఆదివారం గాలం కాసేపు పక్కనపెట్టి పడవ తాడు ఓసారి లాగి చూడండి. చేపలెక్కడికి పోతాయి... వచ్చేవారం కూడా కృష్ణమ్మలోనే ఉంటాయి!