కొన్న పుస్తకం ఎవరి సొత్తు?

రచయిత తన పుస్తకాన్ని తానే అచ్చువేసుకోవడం తెలుగువారికి ఇంటర్నెట్ నేర్పిన అలవాటు కాదు. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం నెలకొల్పుకున్నారు. రంగనాయకమ్మ తన రచనలను స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరిట సామాన్య పాఠకుడికి అందే ధరలో వెలువరించారు. ఇక కవితా సంపుటాల్లో చాలా భాగం కవులే చేతి డబ్బు పెట్టి వేయించుకున్నవన్నది సాహిత్యలోకానికి తెలిసిన సంగతే. మారినదల్లా పుస్తకం అనే వస్తువు స్వభావం. అది కాగితంమీద ఉన్నంతకాలం కొన్నవారికి దానిమీద ఏ హక్కు ఉన్నదని ఎవరూ అడగలేదు. ఫైలుగా మారాక ఆ ప్రశ్నను తప్పించుకోవడం సాధ్యం కావడంలేదు.

సంప్రదాయ ప్రచురణలో కాగితం, ముద్రణ, పంపిణీ ఖర్చులను ప్రచురణకర్త భరించి, అమ్ముడైన ప్రతి పుస్తకంమీద ధరలో కొంత భాగాన్ని, సాధారణంగా 10 శాతం దరిదాపుల్లో, రచయితకు చెల్లిస్తాడు. దీన్నే రాయల్టీ అంటారు. వాటా చిన్నదే గాని, రాతప్రతిని నిర్మొహమాటంగా పరిష్కరించే సంపాదకుడు, ప్రూఫులు దిద్దే అనుభవజ్ఞుడు, ఊరూరా పుస్తకాన్ని చేర్చే ఏర్పాటు దానితోపాటు దక్కితే ఆ బేరం రచయితకు నష్టం కాదు. సొంత ప్రచురణలో ముందుగా దెబ్బతినేది ఈ పరిష్కరణే కాబట్టి, ఆ దారి ఎంచుకున్నవారు ముఖచిత్రంకన్నా ముందు సంపాదకుడిమీద ఖర్చు పెట్టడం మేలు.

డిజిటల్ రంగంలో లెక్క వేరు. అమెజాన్ సంస్థ సొంత ప్రచురణ వేదిక అయిన కేడీపీ ఇ-పుస్తకాలమీద 35 లేదా 70 శాతం రాయల్టీ ఇస్తుంది. అయితే భారతదేశంలో జరిగే అమ్మకాలపై 70 శాతం పొందాలంటే, ఆ ఇ-పుస్తకాన్ని మరెక్కడా అమ్మబోమని 90 రోజుల విడతలుగా కట్టుబడే పథకంలో చేరాలి. అదే సంస్థ 2016 డిసెంబరులో తన ఇ-పుస్తక వేదిక కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటు దక్కింది గాని తెలుగుకు దక్కలేదు. ఇంతమంది చదువరులున్న భాషకు అది చిన్న లోటు కాదు. అంతకుముందే, 2010లో మొదలైన కినిగె వంటి తెలుగు వేదిక ఇ-పుస్తకాలను అమ్మకానికీ అద్దెకూ అందుబాటులోకి తెచ్చి ఉండడం కొంత ఊరట.

పేరున్న సంస్థ చేతిలో పడినంత మాత్రాన పుస్తకం చిరకాలం నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. అమెజాన్ తాను 2016లో కొనుగోలు చేసిన వెస్ట్‌లాండ్ ప్రచురణ సంస్థను 2022లో మూసివేసినప్పుడు, నవలాకారుడు అమీష్ వంటి ప్రసిద్ధులు సైతం తమ పుస్తకాలకు కొత్త ప్రచురణకర్తను వెదుక్కోవలసి వచ్చింది. అందుకే ఒప్పందపత్రం ముఖ్యం. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగానూ భావిస్తారు. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, పత్రంలో మరోలా లేనప్పుడు, అది రచయితకే తిరిగివస్తుంది. బదిలీ నాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని పత్రంలో ప్రత్యేకంగా పేర్కొనకపోతే ఆ మాధ్యమానికి బదిలీ వర్తించదని 2012 సవరణ చెబుతున్నది. రచయిత మరణించాక 60 ఏళ్లపాటు కాపీరైట్ కొనసాగుతుంది కాబట్టి, పాత నవలలను ఇ-పుస్తకాలుగా తేవాలనుకునే వారసులు ముందుగా వెదకవలసింది ఆ పాత పత్రాలనే.

పాఠకుడి సంగతికి వస్తే, ప్రతులను ప్రజలకు విడుదల చేసే హక్కును రచయితకు ఇస్తూనే, అప్పటికే చలామణీలో ఉన్న ప్రతులను అదే చట్టం ఆ హక్కునుంచి మినహాయించింది. ఒకసారి అమ్ముడైన ప్రతిని కొన్నవారు మళ్లీ అమ్మవచ్చు, దానం చేయవచ్చు, బిడ్డలకు వదిలివెళ్లవచ్చు. హైదరాబాదు కోఠీలోని పాతపుస్తకాల అంగళ్లు ఆ వెసులుబాటుమీదే బతుకుతున్నాయి. ఇ-పుస్తకానికి సాధారణంగా ఇది లేదు. అక్కడ డబ్బు చెల్లించినవారికి దక్కేది లైసెన్సు, అంటే షరతులతో కూడిన చదివే అనుమతి. ఆ షరతులను అమలుచేయడానికి ఫైలుకు వేసే సాంకేతిక తాళమే డీఆర్‌ఎం.

ఈ తేడా ఎంతటిదో 2009 జులైలో బయటపడింది. అమ్మిన సంస్థకు అమెరికాలో హక్కులు లేవన్న కారణంతో జార్జ్ ఆర్వెల్ నవలల ప్రతులను అమెజాన్ పాఠకుల కిండిల్ పరికరాల్లోంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చినా విమర్శ తప్పలేదు, అమెజాన్ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఇ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసిన తరువాత అక్కడ కొన్నవన్నీ తెరుచుకోకుండా పోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, పాత అచ్చు పుస్తకానికి ఉన్న పునర్విక్రయ స్వేచ్ఛ ఇ-పుస్తకానికి వర్తించదని తీర్పు చెప్పింది. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దింపుకొని కేబుల్ ద్వారా పరికరంలోకి ఎక్కించుకునే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరిలో అమెజాన్ ఎత్తివేసింది. డిజిటల్ సరుకును అమ్మేవారు, కొనేవారికి దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరినుంచి అమలులోకి వచ్చింది. అలాంటి చట్టం ప్రతి దేశానికీ అవసరం.

తాళం వేయడం తప్పనిసరి కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. సైన్సు కాల్పనిక సాహిత్యానికి పేరుపొందిన టార్ సంస్థ 2012 నుంచి ఇ-పుస్తకాలను డీఆర్‌ఎం లేకుండానే అమ్ముతున్నది. దానివల్ల చౌర్యం చెప్పుకోదగినంతగా పెరగలేదని దాని బ్రిటన్ శాఖ ఏడాది తరువాత ప్రకటించింది. కేడీపీలో సైతం తాళం వేయాలా వద్దా అన్నది పుస్తకం పెట్టే రచయితే తేల్చుకుంటారు. సొంతంగా ప్రచురించుకునే తెలుగు రచయితలకు ఈ నిర్ణయం ఎవరినీ అడగనక్కరలేనిది కనుక, ఇ-పుస్తకం వెలువరించేవారు ఆ తాళాన్ని వదులుకొని, పాఠకుడు దాచుకోగలిగిన ఫైలును అతని చేతికి ఇవ్వాలి. పాఠకులు కూడా డబ్బు చెల్లించే ముందు తమకు దక్కేది పుస్తకమా, అనుమతి మాత్రమేనా అన్నది షరతుల్లో చదివి తెలుసుకోవాలి.