భూగోళం మాస్టారి పరుగుల బడి

కెన్యా పశ్చిమాన ఐటెన్ అనే చిన్న ఊరుంది. సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు, అంటే మన ఊటీ కన్నా కాస్త పైన. ఊళ్లోకి వెళ్లే రోడ్డు మీద కమాను కట్టి, ఇది ఛాంపియన్ల ఊరని ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. తెల్లవారేసరికి ఎర్రమట్టి దారుల నిండా పరుగెత్తేవాళ్లే. ఈ ఊరికి ఇంత పేరు రావడం వెనక ఒక భూగోళశాస్త్రం టీచరు ఉన్నారు. వచ్చిన రోజున పరుగు పందేల శిక్షణ గురించి ఆయనకు ఏమీ తెలియదు. టీచర్లుగా మమ్మల్ని ఈ కథ దగ్గర ఆపింది ఆ ఒక్క సంగతే.

ఆయన పేరు బ్రదర్ కొలమ్ ఒకానెల్. ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతం వారు. పాట్రీషియన్ బ్రదర్స్ అనే క్యాథలిక్ సభకు చెందినవారు. చెన్నై అడయారులోని సెయింట్ పాట్రిక్స్ పాఠశాల కూడా ఈ సభవారిదే కాబట్టి తమిళనాట ఉన్న మన పాఠకుల్లో కొందరికి ఈ పేరు కొత్త కాదు. బ్రదర్ అంటే ఫాదర్ కాదు. గుడిలో పూజ జరిపించే పని ఉండదు. పెళ్లి, సొంత ఆస్తి వద్దనుకుని, పై వాళ్లు పంపిన చోటికి వెళ్లి పాఠం చెప్పడమే పని. ఆయన 1976లో ఐటెన్‌లోని సెయింట్ పాట్రిక్స్ హైస్కూలుకు వచ్చారు. వచ్చింది కొద్దికాలానికే. ఉండిపోయింది నాలుగు దశాబ్దాలకు పైగా.

అప్పట్లో ఆ బడిలో పిల్లల చేత పరుగు సాధన చేయించే మాస్టారు పీటర్ ఫోస్టర్. ఆ ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచిన బ్రిటిష్ రన్నర్ బ్రెండన్ ఫోస్టర్‌కు సోదరుడు. కొత్తగా వచ్చిన కొలమ్ ఆయనకు సాయంగా మైదానానికి వెళ్లేవారు. కొన్నాళ్లకు ఫోస్టర్ తన దేశం వెళ్లిపోయారు. మైదానం కొలమ్ చేతికి వచ్చింది.

మన బళ్లలోనూ ఇలాగే జరుగుతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉంటే, ఎవరికి వయసు తక్కువైతే వాళ్ల మెడలో విజిల్ వేస్తారు. ఆ విజిల్ వేసుకున్నవాళ్లు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పిల్లలకు బంతి ఇచ్చి చెట్టు కింద కూర్చుంటారు, లేదంటే అన్నీ తెలిసినట్టు కేకలేస్తారు. కొలమ్ మూడో పని చేశారు. నిలబడి చూశారు. పిల్లల అడుగు ఎక్కడ పడుతోంది, భుజాలు ఎప్పుడు బిగుసుకుంటున్నాయి, అలసినప్పుడు తల ఎటు వాలుతోంది అని చూస్తూ, వాళ్లనే అడుగుతూ నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆయన శిక్షణకు గుర్తుగా నిలిచింది కూడా ఆ చూపే. గడియారం కన్నా ముందు పరుగు తీరును, శరీరం తేలికగా ఉండడాన్ని, లయను పట్టించుకునే కోచ్ అని పేరు పడింది. మేం బీఈడీలో బోధనా పద్ధతుల మీద పేపర్లు రాశాం కానీ, తెలియని సబ్జెక్టును పిల్లల దగ్గరే నేర్చుకోవడం ఎలా అన్న ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.

ఆయన వచ్చిన కాలం కూడా కలిసిరాలేదు. దక్షిణాఫ్రికాలో రగ్బీ ఆడిన న్యూజిలాండ్‌ను ఒలింపిక్స్‌కు రానిచ్చారన్న నిరసనతో 1976లో ఆఫ్రికా దేశాలెన్నో మాంట్రియల్‌ను వదులుకున్నాయి. వాటిలో కెన్యా ఒకటి. అఫ్గానిస్థాన్ వ్యవహారంతో 1980 మాస్కో ఒలింపిక్స్‌కూ కెన్యా వెళ్లలేదు. ఎంత బాగా పరుగెత్తినా పెద్ద వేదిక లేదు. ఆ రోజుల్లో కొలమ్ దగ్గర చేరిన కుర్రాళ్లకు బడి పోటీలు, జిల్లా పోటీలే ప్రపంచం. ఇక్కడ పూర్వ విద్యార్థి ఇబ్రహీం హుసేన్ 1987లో న్యూయార్క్ మారథాన్ గెలిచారు. మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం పీటర్ రోనోకు దక్కింది. అప్పటికి రోనోకు 21 ఏళ్లు, మాస్టారు ఐటెన్ వచ్చి 12 ఏళ్లు. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ప్లస్ టూ ముగించేంత కాలం అది. జోనల్ మీట్‌లో రెండేళ్లు వరుసగా కప్పు రాకపోతే ఆ ఆటే మానేసే బళ్లు మాకు తెలుసు.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. సెయింట్ పాట్రిక్స్ మగపిల్లల బడి. కెన్యాలో మగవాళ్ల పరుగుకు ఉన్న ఆదరణ ఆడపిల్లలకు ఉండేది కాదు. 1989లో బడి సెలవుల్లో కొలమ్ ఒక శిబిరం పెట్టి కొద్దిమంది అమ్మాయిలను చేర్చుకున్నారు. వాళ్లలో లిడియా చెరోమెయ్ ఒకరు. 1991లో ఆంట్‌వెర్ప్‌లో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో జూనియర్ బాలికల పందెం గెలిచేసరికి ఆమెకు ఇంకా పద్నాలుగు నిండలేదు.

చిన్న వయసులో గెలుపు తియ్యగా ఉంటుంది, దానితోనే చిక్కు. పదిహేనేళ్లకే పెద్దవాళ్ల కొలతలో సాధన చేయించి, పతకాలు తెచ్చి, ఇరవై దాటేసరికి కాళ్లు, మనసు రెండూ అరిగిపోయిన పిల్లలు పరుగుల ప్రపంచంలో కొల్లలు. కొలమ్ జూనియర్ల చేత తక్కువ చేయిస్తారు. తేలిక పరుగులు, పరుగు తీరు సరిచేసే కసరత్తులు, అందరూ కలిసి ఆడినట్టుండే సాధన. తల్లిదండ్రులకు ఇది రుచించకపోవచ్చు. నాలుగో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అడిగే కాలంలో, తక్కువ చెప్పే మాస్టారంటే చెప్పడం రాని మాస్టారని అనుమానిస్తారు.

అసలు పరీక్ష డేవిడ్ రుడిషాతో వచ్చింది. మాసాయి తెగ కుర్రాడు. తండ్రి డేనియల్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే రజతం గెలిచిన జట్టులో ఉన్నారు. కొలమ్ పాత శిష్యుడు జఫెత్ కిముతాయ్ ఈ పిల్లాడిని చూడమని చెప్పి పంపారు. వచ్చేనాటికి అతని గురి 400 మీటర్ల మీద. కొలమ్ 800 మీటర్ల వైపు మళ్లించారు. 2006లో ప్రపంచ జూనియర్ విజేత అయ్యాడు. ఇంకేం, ఒలింపిక్సే తరువాయి అనుకున్నారంతా. 2008లో గాయమై బీజింగ్ పోయింది. 2009లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో సెమీస్‌లోనే వెనుదిరిగాడు. ఇలాంటి చోటే కోచ్‌ను మార్చేస్తారు. విదేశాల్లో మంచి ట్రాకులున్నాయి, ప్రయోగశాలలున్నాయి, ఐటెన్‌లో మట్టి ట్రాకు, ఒక ముసలి మిషనరీ తప్ప ఏముంది? రుడిషా మార్చలేదు, మాస్టారు కంగారుపడి సాధన రెట్టింపు చేయలేదు. ఏడాది తిరిగింది. 2010 ఆగస్టు 22న అదే బెర్లిన్‌లో 1 నిమిషం 41.09 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. వారం తర్వాత ఇటలీలో దాన్నీ 1:41.01కి దించాడు. చెరిగిపోయిన పాత రికార్డు 1997 నాటిది, డెన్మార్క్ తరఫున పరుగెత్తిన విల్సన్ కిప్‌కెటర్‌ది. ఆయనా సెయింట్ పాట్రిక్స్ విద్యార్థే!

తెలుగులో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. నేలను నమ్ముకున్న రైతు అంటాం, నేలను నమ్మిన రైతు అనం. నమ్ముకున్నవాడికి వానలు పడకపోయినా వెళ్లడానికి వేరే చోటు ఉండదు. బ్రదర్ కొలమ్ దైవభక్తి ఎంతటిదో కొలిచే పని మాది కాదు, కానీ ఒక బడిని, ఒక ఊరిని ఆయన నమ్ముకున్న తీరు మాత్రం కళ్లకు కనిపిస్తుంది. శిష్యులు యూరప్ వెళ్లి డబ్బు, పేరు సంపాదిస్తుంటే ఆయన బడి ఆవరణలోని చిన్న ఇంట్లోనే ఉన్నారు. కొంతకాలం అదే బడికి ప్రధానోపాధ్యాయుడిగా చేశారు. ఆ ఆవరణలో విజేతల పేరిట నాటిన చెట్లుంటాయి. కొత్తగా చేరిన కుర్రాడు స్నానానికి, అన్నానికి వాటి పక్క నుంచే నడిచి వెళ్లాలి.

2012 ఆగస్టు 9. లండన్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్. రుడిషా మొదటి నుంచి తానే ముందుండి, ఎవరి నీడా లేకుండా రెండు చుట్లూ పరుగెత్తి 1:40.91తో గెలిచాడు. 1:41 లోపు ఈ దూరం పరుగెత్తిన తొలి మనిషి అతనే. అతన్ని పట్టుకోవాలని పరుగెత్తిన మిగతా ఏడుగురూ ఎంత వేగంగా వచ్చారంటే, ఆఖరున వచ్చినవాడి సమయం అంతకు ముందు మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం తెచ్చిపెట్టేది. మాస్టారు లండన్ వెళ్లలేదు. ఐటెన్‌లో టీవీ ముందు కూర్చుని చూశారు. మరుసటి ఏడాది రుడిషా మోకాలికి గాయమై మాస్కో ప్రపంచ పోటీలకు దూరమయ్యాడు. మళ్లీ మెల్లగా మొదలుపెట్టారు. 2015లో బీజింగ్‌లో ప్రపంచ టైటిల్, 2016లో రియోలో రెండో ఒలింపిక్ స్వర్ణం. మధ్యలో బడి సెలవులు వచ్చిన ప్రతిసారీ, పేరు కూడా ఎవరికీ తెలియని పిల్లలు సంచులు భుజాన వేసుకుని ఐటెన్ శిబిరానికి వస్తూనే ఉన్నారు.