కాలాంతర ప్రణయము - విస్మృతి : ఒక జపాను కిశోర నవల

కాలమును దాటిపోవు కథ మన పాఠకునకు వింత కాదు. భాగవత నవమస్కంధమున రైవతుడు తన కూతురు రేవతికి తగిన వరు నెవ్వనిగా నెంచవలెనో యడుగుటకై ఆమెను వెంటగొని బ్రహ్మలోకమున కేగెను. అచ్చటి గానము ముగియువరకు క్షణకాలము నిలిచినంతలో భూలోకమున 27 మహాయుగములు గడచిపోయినవి. ఆతడు మనస్సున నెంచుకొన్న వరులు గాని, వారి పుత్రపౌత్రులు గాని మిగులలేదు. రేవతి బలరామునకు భార్య యయ్యెను. అయితే ఆమె హృదయ మేమనుకొన్నదో పురాణమునకు పట్టలేదు. కాలమును దాటిన బాలిక హృదయమునే వస్తువుగా గొన్నది ఇరువదవ శతాబ్దపు కిశోరసాహిత్యము. అందు ప్రసిద్ధమైన యొక నవల నిచ్చట పరిశీలింతము.

త్సుత్సుయి యసుతక (జననము 1934) రచించిన ఈ నవల పేరు 'తోకి ఓ కకేరు షోజో'. కాలమున దుమికిపోవు బాలిక యని దానికి స్థూలార్థము. ఇది 1965 నవంబరు మొదలు 1966 మే వరకు గక్కెన్ సంస్థవారి విద్యార్థిపత్రికలలో వెలువడి, 1967లో పుస్తకరూపము దాల్చినది. 'పత్రికలలో' నని బహువచనము వాడుటకు కారణము కలదు. ఆ సంస్థ తరగతికొక పత్రిక నడపెడిది. కథ మాధ్యమిక పాఠశాల మూడవ తరగతివారి పత్రికలో మొదలై, ఉన్నత పాఠశాల మొదటి తరగతివారి పత్రికలో ముగిసినది. జపానులో విద్యాసంవత్సరము ఏప్రిలులో ఆరంభమగును గనుక, పాఠకులు తరగతి మారినపుడు కథయు వారి వెంట మారినది. పాఠకుని వయస్సును ఇంత సూక్ష్మముగా ననుసరించిన ధారావాహికములు అరుదు.

నాయిక యోషియామ కజుకో మాధ్యమిక పాఠశాల మూడవ తరగతి చదువుచున్నది. ఒక శనివారము పాఠశాల ప్రయోగశాలలో లావెండరు పూల వాసన సోకి స్పృహ తప్పును. పిదప నొకనాడు సహాధ్యాయి గోరోతో బడికి పోవుచుండగా లారీ మీదికి వచ్చును. ఆ క్షణమున ఆమె ఒక దినము వెనుకకు పోయి పడును. కారణ మన్వేషించుచు ప్రయోగశాలలోని ఆ శనివారమునకే తిరిగి చేరగా, సహాధ్యాయి ఫుకమచి కజువో నిజరూపము బయటపడును. ఆతడు 2660వ సంవత్సరమునుండి వచ్చినవాడు. చుట్టుపట్లవారి మనస్సులలో తన్నుగూర్చి లేని జ్ఞాపకములను నాటి, వారి నడుమ మసలుచున్నవాడు. ఆతడు తన ప్రేమను తెలుపును. కాని తన కాలమునకు మరలిపోవుటకు ముందు అందరి మనస్సులనుండి, కజుకో మనస్సునుండియు, తన జ్ఞాపకమును తుడిచివేయక తప్పదనును.

ప్రణయప్రసక్తి కడపటి భాగమునందే వచ్చుటచే దీనిని ప్రేమకథ యనరాదని కొంద రనవచ్చును. మే మట్లు తలపము. పదునైదేండ్ల ప్రాయమున అనురాగము తన్ను తాను గుర్తించుకొనునాటికే సెలవు తీసికొనుచుండును. శృంగారమును విస్తరించి వర్ణించియున్నచో ఈ యథార్థము చెడియుండెడిది.

ఇంతకంటె విచార్యమైనది విస్మృతి. లావెండరు వాసన వచ్చినపుడెల్ల, ఎవ్వరో తనకొఱకు వత్తురని కజుకోకు తోచును, ఎవ్వరో తెలియదు. అభిజ్ఞాన శాకుంతల పంచమాంకమున దుష్యంతుని స్థితి సరిగా నిదియే. హంసపదిక పాట విని ఆతడు కారణ మెఱుగని యుత్కంఠకు లోనై, దానిని జన్మాంతర సౌహృదమున కారోపించును. త్సుత్సుయి కాళిదాసును తలచి వ్రాసెనని మేము చెప్పుట లేదు. మరపు లోపల ప్రేమ నిలుచు తీరు రెండుచోట్లను ఒక్కటియే యని మాత్రము చెప్పుచున్నాము. భేదము అవతల నున్నది. దుష్యంతునకు ఉంగరము దొరకును, శాపము తీరును. కజుకోకు లావెండరు వాసన అభిజ్ఞానమే యయ్యు దేనిని గుర్తింపజేయదు. పైగా అచ్చట మరపు దుర్వాసుని కోపఫలము. ఇచ్చట ప్రేమించినవాడే దానిని కలిగించును. భావికాలపు నియమమట! ఆ నియమము నెవరు చేసిరో, కజుకో కేల వర్తింపవలెనో కథ విచారింపదు. నవలయందలి లోపమిదియే యని మా యభిప్రాయము. ఇంత యన్యాయమును బాలిక యింత మెత్తగా నోర్చుటయే దాని కారుణ్యమునకు మూలమును గావచ్చును.

ఈ కథ 1972లో ఎన్.హెచ్.కె. దూరదర్శనమునకు ధారావాహికముగా, 1983లో ఒబయషి నొబుహికో దర్శకత్వమున చలనచిత్రముగా రూపొందినది. చిత్రపు ముగింపున, యువతియైన కజుకో ఒక నడవలో ఆతనికి ఎదురై, పోల్చుకొనక దాటిపోవును. 2006లో హొసొద మమోరు తీసిన సజీవ చిత్రమున కజుకో నాయిక కాదు, నాయిక మాకోతోకు పెద్దదిక్కు వంటి బంధువు. అందులోనూ భావికాలపు యువకుడు మరలిపోవును. కాని మాకోతో జ్ఞాపకమును తుడిచివేయడు. భావికాలమున వేచియుందునని యాత డనగా, పరుగెత్తి వత్తునని యామె బదులు పలుకును.