పాత పంపు – కొత్త కొలువు

పెరటి చేతిపంపు ఒకనాడు మన ఇండ్లకు పెద్ద ఆసరా. విద్యుత్తు మోటారు వచ్చిన పిదప అది గోడవార చేరినది. పాత ఇనుము కొనువాడు వీధిలో కేక వేసినపుడెల్ల దానివంక చూచుటయు, "ఉండనిండు, ఎప్పటికైనా పనికివచ్చును" అని ఇంటి పెద్దలనుటయు పరిపాటి. మా ఇంటను అంతే. ఆ మాటలోని నిజము ఒక తుపాను వెలిసిన పిమ్మటగాని మాకు బోధపడలేదు.

అప్పటికి కరెంటు పోయి రెండు దినములైనది. నేలతొట్టి నిండ నీరున్నది. మిద్దెమీది ట్యాంకులో చుక్క లేదు. చేదతో తోడవచ్చును గాని, మూత పూర్తిగా తెరచినపుడెల్ల పెరటిలోని బురదనీరు లోనికి జారుచుండెను. కొంచెము సందుచేసి గొట్టము దింపి నీటిని పైకి లాగుటయే మేలని తోచి, పాత పంపును బరువైన చెక్కపలకకు బోల్టులతో బిగించితిమి.

పంపు నీటిని లాగునని మనమందుము. నిజమునకు లాగునది పంపు కాదు. పిడిని క్రిందికి నొక్కగా లోపలి పిస్టను పైకి లేచును. దానిక్రింద గాలి పలుచనగును. అప్పుడు తొట్టిలోని నీటిమీద ఒత్తుచున్న బయటిగాలి ఆ నీటిని గొట్టములోనికి నెట్టును. అడుగు కవాటము తెరచుకొని నీరు లోపలికి వచ్చును. పిడిని ఎత్తగా అడుగు కవాటము మూసికొనును. పిస్టనులోని కవాటము తెరచుకొని నీరు దాని పైభాగమునకు చేరును. మరల నొక్కినపుడు ఆ నీరే మూతినుండి బయటపడును.

గాలి బలమునకును హద్దు కలదు. 1643లో ఇటలీ దేశమున టారిచెల్లి చేసిన ప్రయోగములో గాలి ఒత్తిడి సుమారు 76 సెంటీమీటర్ల పాదరసమును నిలిపినది. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. కావున నీరైనచో సుమారు 10.3 మీటర్ల వరకు నిలుచును. వాడుకలోనున్న పంపు 7 మీటర్ల లోతునుండి తెచ్చిన చాలును. మా తొట్టి లోతు రెండు మీటర్లే. అయినను మొదట ఒక్క చుక్కయు రాలేదు.

కారణములు మూడు తేలినవి. మొదటిది, తోలు వాషరు. ఏండ్ల తరబడి ఎండి, ముడుచుకొని, పగిలినది. క్రొత్తది తెచ్చి రాత్రియంతయు నీట నానబెట్టి తొడిగితిమి. రెండవది, గొట్టము. మొక్కలకు నీరు పట్టు మెత్తని గొట్టము తగిలించితిమి. పిడి నొక్కగానే అది పాముకుబుసము వలె చదునైనది. లోపల గాలి పలుచబడగా బయటిగాలి దానిని అణచివేసినది! లోపల తీగచుట్టు గల గట్టి గొట్టము మార్చితిమి. మూడవది, అతుకు. సన్నని సందున్నను పంపు నీటికి బదులు గాలినే మింగును. రబ్బరు పట్టీ చుట్టి క్లిప్పు బిగించి, పంపు నెత్తిన రెండు చెంబుల నీరు పోసి కొట్టగా నీరు ధారగా వచ్చినది.

మా పంపు లోపలి వ్యాసము 7.5 సెంటీమీటర్లు, పిస్టను కదలిక 10 సెంటీమీటర్లు. లెక్కకు ఒక్కొక్క ఊపునకు 440 మిల్లీలీటర్లు రావలెను. 200 లీటర్ల పీపా నిండుటకు సుమారు 450 ఊపులు. కారిపోవునది కలిపిన మరికొన్ని. వంతులవారీగా కొట్టిన ఇంటిల్లిపాదికి కష్టము కాదు. అయితే ఈ జాతి పంపు మూతి ఎత్తువరకే నీటిని తెచ్చును, మిద్దెమీదికి పంపలేదు. మూతి క్రింద బిందె పెట్టవలసినదే.

మరునాటి ఉదయము పొరుగింటి యువకుడు వచ్చి, "బాబాయిగారూ, మీ పంపు ఒక్క గంట ఇప్పించండి. పీపాలో డీజిలు జనరేటరుకు తోడుకోవాలి" అని అడిగినాడు. ఆపదలోనున్నవానికి లేదనుట కష్టమే, అయినను ఇయ్యలేదు. డీజిలు తాకిన తోలును గొట్టమును ఎంత కడిగినను ఆ నూనె వదలదు. అటుపిమ్మట వచ్చు నీరు బిందెలోనికి పనికిరాదు. మామూలు రబ్బరైనచో నూనెకు ఉబ్బి చెడును గూడ.

"అయితే గొట్టం పెట్టి నోటితో పీలుస్తాను" అన్నాడు. మేము బెదరినది ఆ మాటకే. డీజిలుగాని కిరసనాయిలుగాని పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. మ్రింగినవారిచేత వాంతి చేయింపరాదు. చేసినచో అది మరల ఊపిరితిత్తులకు చేరవచ్చును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

అప్పుడు వారి అటకమీద వెదకింపగా పాత కిరసనాయిలు డబ్బాలో పెట్టు చేతిపంపు దొరకినది. దానికి నూనెయే అలవాటు. పీపాను ఎత్తుగానుంచి, చల్లారిన జనరేటరును దిగువనుంచి నాలుగు ఊపులు ఊపగా గొట్టము నిండినది. గొట్టపు చివర దిగువనున్నందున పిమ్మట ధార తనంతట తానే సాగినది. చివరను పీపాలోని నూనె మట్టముకంటె పైకి ఎత్తగా ఆగినది. పెట్రోలునకు ఇట్టి ఇంటి ప్రయోగములు తగవు. దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకైన అంటుకొనును. నీటి మోటారును ఏ ఇంధనమునకును వాడరాదు.

మజ్జిగ, చింతపండు రసము వంటి పుల్లని పదార్థములకును పాత పంపు పనికిరాదు. పులుపు ఇత్తడిని, జింకుపూతను తినివేయును. పాత ఇత్తడిలో సీసముండవచ్చును. అందుచేత పంపులో రాత్రి నిలిచిన నీటిని మొక్కలకు పోసి, తరువాతి నీటినే ఇంటికి వాడితిమి, త్రాగుటకు కాచుకొంటిమి.

కరెంటు వచ్చిన దినమున పంపును విప్పి, ఆరబెట్టి, వాషరును వేరుగా దాచితిమి. పలకమీద "నీటికి మాత్రమే" అని రంగుతో వ్రాయించితిమి. పొరుగింటివారు తమ పంపుమీద "నూనెకు మాత్రమే" అని వ్రాసికొనిరి. పాత వస్తువునకు కొత్త కొలువు ఇయ్యవచ్చును. కాని ఒక పంపునకు ఒక ద్రవమే యజమాని కావలెను.