చిన్న గ్యాస్ టర్బైన్‌కు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఎందుకు?

గరివిడి ఫెర్రోమాంగనీసు తయారీకి పేరొందిన ఊరు. మాంగనీసు ఖనిజాన్ని కోక్‌తో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే, కోక్‌లోని కార్బన్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇది విషవాయువు, కానీ మండుతుంది. మరి దీన్ని మండించి నేరుగా గ్యాస్ టర్బైన్ తిప్పలేమా?

తిప్పడం కష్టం. దాంతోపాటు వచ్చే సన్నని దుమ్ము రెక్కలను అరగదీస్తుంది. అందుకే వాయువును విడిగా మండించి, ఆ వేడిని పల్చని లోహపు గోడ గుండా శుభ్రమైన గాలికి అందించే పద్ధతి ఉంది. ఈ పని చేసేదే హీట్ ఎక్స్‌ఛేంజర్.

మామూలు ఇంధనంతో నడిచే చిన్న టర్బైన్‌కూ ఇది అవసరమే. టర్బైన్ చిన్నదైనకొద్దీ రెక్కల కొసకూ, చుట్టూ ఉన్న తొడుగుకూ మధ్య సందు, రెక్క పొడవుతో పోలిస్తే పెద్దదవుతుంది. గాలి అందులోంచి జారిపోతుంది. పైగా గాలిని సుమారు నాలుగు రెట్ల పీడనానికే నొక్కుతారు కాబట్టి, బయటికి పోయే పొగ ఇంకా 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ వేడితో లోపలికి వెళ్లే గాలిని ముందే కాచితే ఇంధనం బాగా ఆదా అవుతుంది. ఎక్స్‌ఛేంజర్ లేని చిన్న టర్బైన్ ఇంధన శక్తిలో ఆరో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుస్తుంది. అది ఉంటే పావు వంతు దాటుతుంది.