రేకుల కప్పుకు పట్టే తుప్పు

సింగపూరులో కాపురముంటున్న మనలో ఎక్కువమందికి నెత్తిమీద ఉన్నది కాంక్రీటే. హెచ్.డి.బి. ఫ్లాటులో ఉన్నవారికి రేకుల గొడవ లేదనే చెప్పాలి. అయితే చాలామందికి రెండో ఇల్లు ఒకటి ఉంది: విశాఖలోనో, కాకినాడలోనో, బందరులోనో, నెల్లూరులోనో అమ్మా నాన్నా ఉంటున్న డాబా. ఎండ తగ్గుతుందని, వాన కారదని మనం పంపిన డబ్బుతో దానిమీద రేకుల షెడ్డు వేయించి ఉంటారు. సముద్రపు గాలికి ఆ రేకు నాలుగైదేళ్ళకే ఎర్రబారితే "నాసిరకం సరుకు అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. సరుకు తప్పు ఒక్కొక్కసారి నిజమే. కాని ఎక్కువసార్లు తప్పు వేరేచోట ఉంటుంది.

పాతకాలపు జింకు కప్పులు చూడాలంటే ఇక్కడే ఒక చోటు ఉంది. లోరాంగ్ బువాంగ్‌కాక్ కంపాంగు 1956లో ఏర్పడింది. సింగపూరు ప్రధాన ద్వీపం మీద మిగిలిన చివరి పల్లె అదే. కర్ర గోడలు, జింకు కప్పులు. ఇళ్ళలో మనుషులు కాపురముంటున్నారు కనుక బాట మీది నుంచే చూడాలి సుమండీ. అక్కడనే కాదు, ఏ పాత రేకుల కప్పునైనా తేరిపార చూడండి. రేకు నడిమిభాగం బూడిదరంగులోనే ఉంటుంది. ఎర్రదనం మొదలయ్యేది అంచుల దగ్గర, మేకుల చుట్టూ, రేకు మీద రేకు ఎక్కిన చోట, ఆకులు పేరుకున్న మూలల్లో.

కారణం ఇది. ఇనుప రేకు మీద జింకు, అంటే మన పాత మాటలో తుత్తునాగం, పూత పోస్తారు. ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు 1837లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. గీతపడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు ముందుగా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కాని చదరపు మీటరుకు రెండువైపులా కలిపి 275 గ్రాముల పూత ఉన్న మంచి రేకు మీద కూడా జింకు మందం ఒక్కో వైపు 20 మైక్రాన్ల లోపే. వెంట్రుకకన్నా పలుచన! అది ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది రేకు ఎన్ని గంటలు తడిగా ఉంటుందన్న దాన్నిబట్టి ఉంటుంది.

సింగపూరులో ఏటా 2,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. గాలిలో తేమ సగటున 80 శాతం దాటుతుంది. ఇంత వాన పడితే తుప్పు పట్టదా అంటారు. చిత్రమేమంటే, వాన బాగా తగిలి వెంటనే ఆరిపోయే భాగమే ఎక్కువకాలం బతుకుతుంది. వాన ఉప్పును కడిగేస్తుంది. చూరు కింద, పోర్చి లోపలివైపు వాన సోకదు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని, రాత్రి గాలిలోని తేమను పీల్చుకుని తెల్లవార్లూ తడిగా ఉంటుంది. కనుక విశాఖ బీచి దగ్గర ఇల్లున్నవారు ఆరు నెలలకొకసారి రేకు అడుగువైపును మంచినీళ్ళ పైపుతో కడిగించాలి. దీనికి కాస్త కూలి తప్ప వేరే ఖర్చు లేదు. ఎవరూ చేయరు!

గట్టర్లలో ఆకులు తీయించడం రెండో పని. తడి ఆకుల కింద జింకు ఏళ్ళతరబడి ఆరదు. పైగా ఆ నిలవనీటిలో ఈడిస్ దోమ గుడ్డు వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. 2020లో ఈ చిన్న ద్వీపంలో 35,000 మందికి పైగా డెంగీ సోకింది. ఇక్కడ లాండెడ్ ఇళ్ళలో ఉన్న మన సభ్యులు తుప్పు కోసం కాకపోయినా దోమ కోసమైనా గట్టరు చూసుకోవాలి.

కొత్త రేకు వేయించేటప్పుడు పనివాళ్ళను కనిపెట్టి ఉండండి. కోత మిషనుతో కోసినప్పుడు పడే ఇనుపరజను ఆ సాయంత్రమే ఊడ్పించకపోతే మర్నాటికి రేకంతా ఎర్రచుక్కలు. ఏసీ రాగి గొట్టం మీదుగా కారే నీరు జింకు రేకు మీద పడితే ఆ దారి వెంబడే తినేస్తుంది. తడి సిమెంటు కూడా అంతే. అల్యూమినియం కలిపిన జింకు పూత రేకులు ఎక్కువకాలం మన్నుతాయి, నిజమే. అయినా పై జాగ్రత్తలేవీ తప్పవు.

ఇక పట్టిన తుప్పు సంగతి. తుప్పు మీదే రంగు వేయించడం చీము తీయకుండా కట్టుకట్టడం వంటిది. వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో పెళుసంతా రాల్చి, కడిగి, ఆరబెట్టాలి. మెరిసే ఇనుము కనబడితే జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు వేయాలి. పలుచటి ఎరుపు మిగిలితే రస్ట్ కన్వర్టరు పూయవచ్చు. అందులో చాలావాటిలో ఉండేది టానిక్ ఆమ్లం. తుప్పుతో కలిసి నల్లటి పొర అవుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళకు ఇది కొత్త కాదు. పాత ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరవేసి తీసిన రసం కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగా తేలేది ఈ రసాయనం వల్లే. కన్వర్టరు మీద మళ్ళీ రంగు మాత్రం తప్పదు. జింకు బాగా ఉన్న చోట మామూలు ఆయిలు రంగు నేరుగా వేస్తే ఏడాదిలో పొరలుగా ఊడుతుంది. జింకు రేకుకని అమ్మే ప్రైమరు అడిగి తీసుకోండి. పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లలకు విషం. తడిపి గీకించి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

చిల్లి పడ్డ రేకుకు వైద్యం లేదు, మార్చవలసిందే. ఇక్కడే నా భయం. ఊళ్ళో అరవై దాటిన నాన్నగారు "దీనికి మేస్త్రీ ఎందుకురా" అని తామే నిచ్చెన వేసుకుంటారు. తుప్పు తిన్న రేకు కింద నుంచి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే విరుగుతుంది. వెలుతురు కోసం వేసిన ప్లాస్టికు రేకు ఎండకు పెళుసెక్కి మరీ ప్రమాదం. గుండెకు రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు తలమీద పడితే, పడిన వెంటనే బాగానే మాట్లాడినా, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళి స్కాన్ చేయించాలి. మేస్త్రీ కూలి మనం పంపుదాం, వారిని మాత్రం ఎక్కనివ్వకండి.

తుప్పు రేకు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందంటారు. తుప్పుకు ఆ దోషం లేదు. ఆ క్రిమి బీజాలు మట్టిలో, పేడలో, దుమ్ములో ఉంటాయి, లోతైన గాయంలో గాలి తగలక పెరుగుతాయి. తళతళలాడే కొత్త మేకు మట్టిలో పడి గుచ్చుకున్నా అంతే ప్రమాదం. గాయాన్ని ముందు సబ్బునీళ్ళతో బాగా కడగాలి. చిన్నప్పటి మోతాదులన్నీ పూర్తయినవారికి, చివరి ఇంజక్షను పడి అయిదేళ్ళు దాటితే మురికి గాయానికి మరొకటి కావాలి. అసలు ఎప్పుడైనా వేయించుకున్నారో లేదో తెలియని పెద్దవారికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం; ఆ మాట డాక్టరుకు మీరే గుర్తుచేయండి.