మోటారు పడవ – మొన ఎత్తు

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిమ్మట, విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు నిర్మితమైనవి. హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోయే బాట వీటి నడుమ సాగుతుంది. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. నగరంలో మునిగిన కాలనీలలో రక్షకదళాలు మోటారు పడవలు నడిపినవి. ఇట్టి పడవ దాదాపు ఖాళీగా వెళ్ళి, జనంతో నిండి తిరిగి వస్తుంది. రెండు ప్రయాణాలకూ ఒకే సర్దుబాటు చాలదు.

పడవ వెనుక పలకకు బిగించి, నీటిలోనికి దిగి ఉండే ప్రొపెల్లర్ కాడను అవుట్‌డ్రైవ్ అంటారు. దీని ఇంజను పడవ లోపల ఉంటుంది. ఇంజను కూడ వెలుపలే ఉంటే అది అవుట్‌బోర్డ్. సూత్రం రెండింటికీ ఒకటే. కాడను కొన్ని డిగ్రీలు అటూ ఇటూ వంచడమే ట్రిమ్.

ప్రొపెల్లర్ నీటిని వెనుకకు నెట్టితే, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం నీరు పడవను ముందుకు నెట్టుతుంది. కాడ అడుగుభాగాన్ని పడవవైపు జరిపితే నీరు వెనుకకు, కొంత క్రిందికి పోతుంది. అందువలన పడవ వెనుకభాగం లేచి, మొన దిగుతుంది. కాడను వెలుపలికి జరిపితే మొన లేస్తుంది. ఈ బలం గరిమనాభికి దూరంగా పనిచేస్తుంది గనుక దాని బలభ్రామకం అధికం.

బయలుదేరేటప్పుడు కాడ లోపలికి ఉండాలి. లేకున్న మొన పైకెగసి నడిపేవానికి ముందుదారి కనిపించదు. వేగం అందుకొన్నాక కొద్దిగా వెలుపలికి జరిపితే నీటిని తాకే అడుగుభాగం తగ్గి, ఇంధనం ఆదా అవుతుంది. మితిమీరితే పడవ ఎగిరెగిరి పడుతుంది. ప్రొపెల్లర్ గాలిని లాగి పట్టు కోల్పోతుంది. ఎదురలలలో మొన కొంచెం దించాలి. వెనుకనుండి అలలు తరిమేటప్పుడు కొంచెం ఎత్తాలి. లోతులేని చోట కాడను ఎత్తి మెల్లగా నడపాలి. అయితే ఇంజనును చల్లబరచే నీటి రంధ్రాలు మునిగే ఉండాలి.

బరువు వెనుక చేరితే కాడ లోపలికి, ముందు చేరితే వెలుపలికి జరపాలి. ఒక ప్రక్కకు ఒరిగిన పడవను మాత్రం ట్రిమ్ సరిచేయదు. మనుషులను సమంగా కూర్చుండబెట్టాలి.

పెద్ద పడవలలో మీట నొక్కితే కాడ కదులుతుంది. చిన్న అవుట్‌బోర్డులు అనేకం ఇంజను ఆపి, చీల మార్చి సర్దవలసినవి. కాబట్టి జనం ఎక్కిన తరువాత, తిరిగి బయలుదేరక ముందే ఆ చీలను చూచుకొనడం అవసరం.

విద్యార్థులు పెన్సిలుపై రూళ్ళకర్రను తూచి నిలిపి, ఒక కొనను వ్రేలితో తాకి చూడవచ్చు. ఎంత స్వల్పబలానికి రెండవ కొన లేచునో గమనిస్తే ట్రిమ్ రహస్యం బోధపడుతుంది.